నేరెళ్ళగుడ బస్సుకు ముందస్తు కృతజ్ఞతలు

కొర్రా దేవమణి కాశీపుట్టు మండల పరిషత్ హాల్లో అడుగుపెట్టేసరికి మీటింగు మంచి వేడి మీద ఉంది. ఆమె నేరెళ్ళగుడ ఎంపీటీసీ. గుమ్మం బయట చెప్పులు దులుపుకుని, చీర కుచ్చిళ్ళకు పట్టిన ఎర్రదుమ్ము చేత్తో కొట్టుకుని, వెనక వరసలో కూర్చుంది. ఆమె ఆలస్యంగా రావడం అక్కడెవరికీ వింత కాదు. నేరెళ్ళగుడ నుంచి వచ్చే జీపు నిండితే గాని కదలదు. నిండాక కూడా ఇంకో నలుగురు దొరికితే గాని కదలదు.

ఆ రోజు గొడవ పార్కింగ్ గురించి. చలికాలం మొదలైతే చాలు, మబ్బులు చూడ్డానికి కింద ఊళ్ళ నుంచి కార్లు అనంతగిరి ఘాటీ దాటి బారులు తీరి వస్తాయి. నేరెళ్ళగుడ దారిలో ఒక పెద్ద మలుపు ఉంది. తెల్లవారుజామున ఆ అంచున నిలబడితే లోయ నిండా దూది పరిచినట్టు ఉంటుంది. దానికి ఎవరో 'మబ్బుల పాయింట్' అని పేరు పెట్టి ఫోన్లలో పెట్టారు. అప్పట్నుంచి అక్కడ కార్లు నిలపడానికి చోటు చాలడం లేదు. కాబట్టి మండలం నిధులతో పార్కింగ్ స్థలం కట్టాలి. ఇంతవరకు సభలో అందరిదీ ఒకటే మాట. ఎక్కడ కట్టాలన్న దగ్గరే తేడా.

మండలాధ్యక్షుడు రామారావు మలుపుకు ఇవతల కట్టాలంటాడు. ఇవతల ఆయన బావమరిది టీ హోటలు ఉంది. జెడ్పీటీసీ భాస్కర్ అవతల కట్టాలంటాడు. అవతల ఆయన సొంత గుడారాలున్నాయి, టూరిస్టులకు అద్దెకిచ్చేవి. ఇద్దరిదీ చెరో పార్టీ. ఇద్దరికీ చెరో తెల్లకారు. మైకు ఒకటే కావడంతో అది వాళ్ళ మధ్య అటూ ఇటూ నలిగిపోతోంది.

వాళ్ళు మంచినీళ్ళు తాగడానికి ఆగిన సందు చూసి దేవమణి లేచింది.

"బాబూ, మా ఊరి బస్సు మాటేటి?"

ఒకప్పుడు నేరెళ్ళగుడకు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి బస్సు వచ్చేది. కరోనాలో ఆగింది. కరోనా పోయింది గాని బస్సు తిరిగి రాలేదు. ఆ తర్వాత ఆడవాళ్ళకు బస్సు ఉచితమని ప్రకటన వచ్చింది. నేరెళ్ళగుడ ఆడవాళ్ళు ఆధార్ కార్డులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని సిద్ధమయ్యారు. టికెట్టు ఉచితమైంది, నిజమే. ఎక్కడానికి బస్సే లేదు.

డిపో మేనేజరు నెమ్మదైన మనిషి. లేచి నిలబడి జవాబు చెప్పాడు. "అమ్మా, ఆ రూట్లో బండి తిప్పితే డీజిలు ఖర్చు కూడా రావడం లేదు. మండలం కొంత భరిస్తే రేపే వేస్తాను. పార్కింగుకు అనుకున్న దాంట్లో సగమిచ్చినా చాలు."

కొందరు ఫ్యాను వైపు చూశారు. భాస్కర్ నవ్వాడు.

"ఈ రోజుల్లో బస్సెవరెక్కుతారమ్మా? ఇంటికో బండి ఉంటోంది."

"మా ఊర్లో ఎవులింట్లో ఉన్నాది బాబూ?"

"ఇవాళ లేకపోతే రేపు కొంటారు. అభివృద్ధి అంటే అదే కదా."

రామారావు మైకు లాక్కున్నాడు. "వచ్చే బడ్జెట్‌లో చూద్దాం అక్కా." భాస్కర్ కూడా తలూపాడు. ఆ రోజు ఇద్దరికీ కుదిరిన రెండో మాట అది.

సాయంత్రం ఊరు చేరగానే దేవమణి తిన్నగా రత్న ఇంటికి వెళ్ళింది. రత్న చూరు కింద నులకమంచం మీద, కట్టు కట్టిన కాలు సామల బస్తా మీద పెట్టుకుని పడుకుని ఉంది. సంత రోజున జీపు వెనక నిచ్చెన మీద వేలాడుతూ వెళ్తుంటే మలుపులో చెయ్యి జారి పడింది. ఆ జీపు దేవమణి తమ్ముడు మోసెస్‌ది. పడగానే అతనే ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, అక్కడే కూర్చున్నాడు, ఖర్చంతా పెట్టుకున్నాడు. ఆ తర్వాత రత్న ఇంటి వైపు మాత్రం రాలేకపోతున్నాడు.

"ఏటన్నారు వదినా?" అంది రత్న.

"ఒచ్చే బడ్జెట్టులో సూద్దారట."

"ఒచ్చేదంటే ఏ ఒచ్చేది?"

"అది సెప్పనేదు."

రత్న పకపకా నవ్వింది. మంచం ఊగింది, కాలు నొప్పి పుట్టింది, "అమ్మో" అంటూ మళ్ళీ నవ్వింది. ఆమె తీరే అంత. పడిన రోజు కూడా స్ట్రెచర్ మీద నుంచి నర్సును, "ఈ బండికి టికెట్టు ఎంతమ్మా?" అని అడిగింది.

"వదినా, రామారావుకి ఏటంటే పేణం?"

"కారు."

"కాదు."

"పదవి."

"కాదొదినా. ఆడి ఫొటో! ఆడి పుట్టినరోజుకి బోరింగు కాడ కట్టిన ఫ్లెక్సీ సూసినావు కదేటి? ఓ పక్క నవ్వతన్నాడు, ఓ పక్క సెయ్యి ఊపతన్నాడు, మద్దిలో ఫోను మాటాడతన్నాడు. ఒక్క ఫ్లెక్సీలో ముగ్గురు రామారావులు."

"అయితే?"

"మనం ఆడికి దణ్ణం పెడదాం. మనూరికి బస్సు ఏయించినందుకు."

"ఏయించనేదు కదే!"

"ఇన్నాళ్ళు అడిగినాం, ఎయ్యనేదు. ఈ పాలి దణ్ణమెట్టి సూద్దాం."

దేవమణికి అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది. ఆమె చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. "అబద్దం కదే రత్నా. ఆదోరం అయ్యగారి మొకం ఎలాగ సూడాల?"

"కుతజ్ఞత సెప్పడం పాపమని మీ బైబిల్లో ఉన్నాదేటి?"

దేవమణి ఆలోచించింది. లేదు.

"ముందుగా సెప్పకూడదని ఉన్నాదేటి?"

అదీ ఎక్కడా చదివినట్టు గుర్తు రాలేదు.

కాశీపుట్టులో ఫ్లెక్సీలు వేసే కుర్రాడు ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. రామారావు ముగ్గురూ అతని కంప్యూటర్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. 'మా నేరెళ్ళగుడకు బస్సు వేయించిన ప్రియతమ నాయకులు, మండలాధ్యక్షులు శ్రీ రామారావు గారికి హృదయపూర్వక కృతజ్ఞతలు. ఇట్లు, నేరెళ్ళగుడ మహిళలు' అని గబగబా కొట్టేశాడు. బస్సు బొమ్మ కావాలా అని మాత్రం అడిగాడు. పెద్దది పెట్టమంది దేవమణి. అతను ఇంటర్నెట్లో వెతికి అద్దాల ఏసీ బస్సొకటి తెచ్చి పెట్టాడు.

"ఇంత పొడుగు బస్సు మా మలుపులో తిరగదు బాబూ."

"ఫ్లెక్సీలో తిరుగుతుందండి," అన్నాడతను, స్క్రీను మీద నుంచి చూపు తిప్పకుండా.

మర్నాడు మధ్యాహ్నం ఫ్లెక్సీని బోరింగు పక్కన రెండు వెదుళ్ళకు కట్టారు. కట్టాక రత్న మంచం మీద నుంచే ఇంకో మాట అంది. పెద్ద నాయకుల ఫ్లెక్సీలకు పాలాభిషేకం చేస్తారు కదా, మన నాయకుడికి మాత్రం తక్కువేం? ఊళ్ళో టీకే పాలు చాలవు. అందుకని ఇంటింటి నుంచీ గంజి పోగుచేశారు. ఆడవాళ్ళంతా చెంబులతో వరసకట్టి ముగ్గురు రామారావుల నెత్తిన గంజి పోస్తూ "జై!" అన్నారు. నవ్వు ఆపుకోలేక కొందరు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. డిగ్రీ చదివే దేవమణి కూతురు వెన్నెల ఆ వీడియో తీసి మండలం గ్రూపులో పెట్టింది. వీడియోలో గంజి అచ్చం పాలలాగే ఉంది. కొంగులు నోట్లో కుక్కుకున్నవాళ్ళు ఆనందబాష్పాలు రాలుస్తున్నట్టే ఉన్నారు.

ఆ సమయానికి రామారావు విశాఖపట్నంలో ఏదో పెళ్ళిలో ఉన్నాడు. భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటుంటే ఫోను మోగడం మొదలైంది. ఒకరు శభాష్ అన్నారు, ఇంకొకరు మా ఊరికి కూడా వేయించవా అన్నారు. చివరికి ఆయన పార్టీ పెద్దాయనే స్వయంగా ఫోన్ చేసి, "మంచి పని చేశావయ్యా" అన్నాడు. రామారావు ఏ పని అని అడగలేదు. "అంతా మీ ఆశీస్సులండి" అన్నాడు. ఆ తర్వాతే తీరిగ్గా వీడియో చూశాడు. చూసి దేవమణికి ఫోన్ చేశాడు.

"అక్కా, బస్సెక్కడిది?"

"మీరు సూద్దామన్నారు కదండీ. రామారావు గారు సూత్తానన్నారంటే అయిపోయినట్టేనని ఊరంతా నమ్మీసారు."



"అది నిజమే గానీ… ఇంత తొందరపడితే ఎలాగక్కా?"

"తప్పయిపోతే ఫ్లెక్సీ ఇప్పుడే తీసిపారేత్తామండి. తీసేత్తే భాస్కర్ గారు ఏటంటారో అనే…"

"వద్దొద్దు! తీయకండి. ఉండనీయండి," అన్నాడు రామారావు. ఫోన్ పెట్టేసేముందు, "కొంచెం కింద రోడ్డు పక్కన కట్టుంటే దారినపోయేవాళ్ళకు కూడా కనపడేది కదా" అని కూడా అన్నాడు.

అయితే భాస్కర్ ఊరుకునే రకం కాదు. సాయంత్రానికల్లా గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "బస్సు లేదు, ఏమీ లేదు. అమాయకులైన గిరిజన ఆడపడుచులను మోసం చేస్తున్నారు. బస్సు చూపిస్తే నేను రాజకీయాల నుంచే తప్పుకుంటాను."

అది విని దేవమణి రత్న ఇంటికి పరిగెత్తింది. ఆయన అన్నదాంట్లో చివరి ముక్క తప్ప అంతా నిజమే. "పరువు పోనాదే రత్నా," అంటూ మంచం పట్టె మీద కూలబడింది.

"పోతే ఆడిది పోద్ది గాని మనది ఎందుకు పోద్ది? ఆడికీ ఓ ఫ్లెక్సీ కడదాం."

"ఇద్దరికా?"

"ఆడికి మాత్తరం ఫొటో నేదేటి?"

మర్నాడు దేవమణి గుడారాల దగ్గరికి వెళ్ళింది. భాస్కర్ పొయ్యి దగ్గర నిలబడి వంటవాణ్ణి కేకలేస్తున్నాడు. ఆమెను చూడగానే కేకలు ఇటు తిప్పాడు. ఆమె తల వంచుకుని అన్నీ వింది. ఆయన ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు మెల్లిగా అంది.

"కోప్పడకండి బాబూ. ఊర్లో సగం మంది బస్సు తెచ్చింది మీరేనంటన్నారు. భాస్కర్ గారు జిల్లాలో మాటాడకపోతే డిపో వోల్లు కదుల్తారేటి అంటన్నారు. ఆ సగం మంది రామారావు గారి ఫ్లెక్సీ సూసి ఒకటే సణుగుడు. ఏది నిజమో నాకే తెల్దు."

భాస్కర్ చేతికున్న ఉంగరం తిప్పుకున్నాడు. వంటవాడి వైపు చూశాడు. లోయ వైపు చూశాడు.

"మాట్లాడిన మాట వాస్తవమే," అన్నాడు చివరికి. "నేను బయటికి చెప్పుకోను. అది నా అలవాటు కాదు."

బయటికి చెప్పుకోని ఆ మనిషి ఫ్లెక్సీ రెండో రోజుకే రామారావు ఫ్లెక్సీ పక్కన లేచింది. డబ్బులు కూడా ఆయనే పెట్టుకున్నాడు. అందులో భాస్కర్లు నలుగురు. బస్సు ఇంకాస్త పొడుగు. పాత వాయిస్ మెసేజ్ గ్రూపులోంచి మాయమైంది గాని, అప్పటికే ఊరికో ఫోనులో భద్రంగా ఉంది.

ఊరంతా రెండు ఫ్లెక్సీల దగ్గర చేరి నవ్వుకుంటున్న ఆ ఆదివారం, చర్చి అయ్యాక, మోసెస్ జీపు వచ్చి దేవమణి వాకిట్లో ఆగింది. అతను దిగలేదు. స్టీరింగు పట్టుకునే కూర్చున్నాడు.

"అప్పా, నా పొట్ట కొట్టడానికి నువ్వే దొరికినావా?"

"దిగరా ముందు. అన్నం తిను."

"తిననేను. జీపు మీద ఇంకా అప్పుంది. ఆ బస్సొత్తే నా జీపెవులెక్కుతారు? ఆడోల్లకి ఉత్తినే తీసుకెల్లిపోద్ది. ఈ దార్లో ఎక్కీదంతా ఆడోల్లే కదా."

దేవమణి జీపు తలుపు దగ్గరికొచ్చింది. "రత్న పడిపోనాది. నన్ను మరిసిపోమంటావేటి?"

"నాను మరిసిపోనానా?" మోసెస్ స్టీరింగు మీద గుద్దాడు. "ఆ నిచ్చెన రోజూ సూత్తన్నాను అప్పా. ఎనక్కి సూసే అద్దంలో అదే కనిపిత్తాది. ఎక్కొద్దంటే ఇంటారా? సంతకి ఎల్లాల కదాని ఆల్లే ఎక్కీసి కేకలేత్తారు, పోనీ పోనీ అని. నాను పోనిత్తాను. ఇంకేటి సెయ్యాల?"

తమ్ముణ్ణి చిన్నప్పుడు వీపున కట్టుకుని పిప్పలి తోటల్లో తిరిగిన మనిషి ఆమె. వాడి కళ్ళలో నీళ్ళు చూడడం ఇప్పటికీ ఆమెకు చేతకాదు.

"ఆ బస్సొచ్చిన రోజు నుంచి నీ గడప తొక్కను," అని మోసెస్ జీపు తిప్పుకుని వెళ్ళిపోయాడు. వాడికోసం పెట్టిన కంచం అలాగే ఉండిపోయింది.

సాయంత్రం ఆమె రత్నతో, "తీసీద్దాం. రెండూ పీకీద్దాం" అంది. రత్న ఈసారి నవ్వలేదు.

"నీ తమ్ముడు సెడ్డోడు కాదొదినా. ఆడొచ్చి నా ఎదర నిలబడితే నానే ఒప్పుకుంతాను, తప్పు నాదేనని. తీసీమంటే తీసీద్దాం. కాని కట్టు ఇప్పినాక నాను మల్లీ ఆ నిచ్చెనే ఎక్కాల. అది తల్సుకుంతేనే ఒల్లు వణుకుతాది."

దేవమణి రత్న కాలు కింద బస్తా సర్దింది. ఫ్లెక్సీలు తియ్యలేదు.

వారం తిరక్కుండానే ప్రత్యేక సమావేశం పెట్టారు. పెట్టమని ఇద్దరు నాయకులూ విడివిడిగా పట్టుబట్టారు. నేరెళ్ళగుడకు బస్సు ఎవరు తెచ్చారో తేల్చడానికని. పార్కింగ్ మాట ఎవరికీ గుర్తు లేదు. పెద్దలతో మాట్లాడానని రామారావు అన్నాడు. పెద్దలకంటే పెద్దలతో మాట్లాడానని భాస్కర్ అన్నాడు. డిపో మేనేజరు రెండుసార్లు చెయ్యెత్తాడు. మూడోసారి లేచే నిలబడ్డాడు.

"క్షమించండి. ఏ బస్సు గురించి సార్?"

మైకు కోసం కొట్టుకున్న ఇద్దరూ ఇప్పుడు దాన్ని ఒకరి వైపు ఒకరు తోసుకున్నారు. ఇప్పుడు తాను లేవకపోతే అంతా బయటపడుతుందని దేవమణికి తెలిసింది. లేచింది.

"ఎవులు తెచ్చారో ఏటో మాకు తెల్దు బాబూ. ఇద్దరూ తెచ్చారనే మావూరు నమ్మతన్నాది. డిపో బాబు ఆ రోజే సెప్పారు, పార్కింగు సొమ్ములో సగమిత్తే బండేత్తామని. అది ఇచ్చీండి. కాదన్నోలు ఎవులన్నా ఉంటే సెప్పండి. ఆరి ఫ్లెక్సీ ఇప్పుడే తీసీమని మావోల్లకి ఫోన్ సేత్తాను."

ఫోను చేతిలో పట్టుకుని నిలబడింది. రామారావు భాస్కర్ వైపు చూశాడు. భాస్కర్ రామారావు వైపు చూశాడు. రామారావు చెయ్యి పైకి లేచింది. అది చూసి భాస్కర్ చెయ్యి అంతకంటే పైకి లేచింది. రామారావు రెండో చెయ్యి కూడా ఎత్తాడు. ఇంక మిగతా సభ్యులకు ఎత్తక తప్పలేదు. తీర్మానం ఏకగ్రీవమైంది. డిపో మేనేజరు మాత్రం కాగితం తయారై, అందరూ సంతకాలు పెట్టేదాకా కుర్చీలోంచి కదల్లేదు.

గురువారం సంత రోజున బస్సు వచ్చింది. అద్దాల బస్సు కాదు. పాత పల్లెవెలుగు. ఒక కిటికీ మూసుకోదు, ఇంకొకటి తెరుచుకోదు. అయినా నేరెళ్ళగుడ ఆడవాళ్ళు దానికి పసుపు రాసి, నిమ్మకాయలు కట్టి, కొండదేవత జాకరమ్మకు మొక్కి ఎక్కారు. దేవమణి డ్రైవరు పక్కన నిలబడి చిన్న ప్రార్థన చేసింది. అల్లం బుట్టలు, పిప్పలి మూటలు, గంపల కింద కోళ్ళు, ఒక మేక, అన్నీ సర్దుకున్నాయి. చంకలో కర్రతో రత్న ముందు సీట్లో కూర్చుంది. నిన్నటిదాకా నవ్వించిన మనిషి బస్సు కదలగానే బిగుసుకుపోయి ఎదుటి కడ్డీని రెండు చేతులతో పట్టుకుంది.

మబ్బుల పాయింట్ దగ్గర బస్సు ఆగిపోయింది. జెండా ఊపి ప్రారంభించడానికి నాయకులు ఇద్దరూ అక్కడికే వచ్చారు. మలుపులో ఒక పక్క రామారావు తెల్లకారు, ఇంకో పక్క భాస్కర్ తెల్లకారు. మధ్యలో బస్సు దూరే సందు లేదు. ఎవరో ఒకరు కారు వెనక్కి తీస్తే చాలు. కానీ అంతమంది ముందు, రెండు పార్టీల జెండాల ముందు, ఎవరు ముందు వెనక్కి తగ్గుతారు?

"ఆయన్ని తియ్యమనండి," అన్నాడు రామారావు.

"ముందొచ్చింది నేను," అన్నాడు భాస్కర్.

డ్రైవరు ఇంజను ఆపేశాడు. బస్సు వెనక ఇంకో హారన్ వినిపించింది. అది మోసెస్ జీపు. దాంట్లో ఇద్దరు మగవాళ్ళు తప్ప ఎవరూ లేరు.

దేవమణి కిందికి దిగింది. పొద్దు బాగా ఎక్కేసింది. ఇంకాసేపైతే సంతలో బేరగాళ్ళు వెళ్ళిపోతారు. ఆమెకు కోపం వచ్చింది గాని, రత్న ముఖం చూడగానే ఇంకో ఆలోచన తట్టింది.

"ఒలే, అందరూ దిగండే! బాబులు మనల్ని ఆల్ల కార్లలో దించుతారంట. బేగి, బేగి!"

అనడమే ఆలస్యం. రామారావు కారు వెనక తలుపు తెరుచుకుంది. తడిమట్టి అల్లం బుట్ట తెల్ల తువ్వాలు పరిచిన సీటు మీద కూర్చుంది. దాని మీద కోళ్ళ గంప. గంపలోంచి ఒక పుంజు బయటపడి డాష్‌బోర్డు మీది దేవుడి బొమ్మ పక్కన నిలబడింది. అవతల భాస్కర్ కార్లోకి మేకను వెనక నుంచి తోస్తున్నారు. అది సీటుకు ఇంకా తియ్యని ప్లాస్టిక్ కవరును రుచి చూస్తోంది. రత్న కర్ర సాయంతో దిగి, భయం మరిచిపోయి, రామారావు పక్క సీటు తలుపు పట్టుకుంది.

"డ్రైవరు బాబూ, ఏసీ ఎయ్యి. నాకు ఉక్కగుంది."

"దించండి! ముందు వాటిని దించండి!" ఇద్దరు నాయకులూ ఒక్క గొంతుతో అరిచారు. "తీస్తున్నాం! ఇప్పుడే తీస్తున్నాం!"

ఆ మలుపులో కారు వెనక్కి తియ్యడం కింద ఊళ్ళ డ్రైవర్లకు అంత సులువు కాదు. ఒక పక్క బండ, ఇంకో పక్క లోయ. రెండు కార్లూ ఒకేసారి కదిలి ఒకదాన్నొకటి గీసుకోబోయాయి. అప్పుడు జీపులోంచి మోసెస్ దిగాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యి ఊపుతూ, "రానీ, రానీ, కొంచెం కట్ కొట్టు, ఆగు, ఇప్పుడు రానీ" అంటూ ఒక కారును ఇవతలికి, ఒక కారును అవతలికి పంపాడు. తర్వాత బస్సు డ్రైవరుకు కూడా అలాగే చెయ్యి చూపించి, టైరుకూ అంచుకూ మధ్య జానెడు చోటుండగా మలుపు దాటించాడు.

బస్సు దాటాక నాయకులు జెండాలు ఊపారు. రత్న మళ్ళీ ఎక్కేముందు మోసెస్ దగ్గర ఆగి, "కాలు బాగుందిరా తమ్ముడూ. ఇంటికొచ్చి సూసెల్లు" అంది. అతను కిందికి చూస్తూ తలూపాడు. అక్క వైపు మాత్రం చూడలేదు.

ఆ రోజు సంతలో విచిత్రం జరిగింది. సరుకు అమ్మేశాక కూడా నేరెళ్ళగుడ ఆడవాళ్ళకు బోలెడంత సమయం మిగిలింది. ఎప్పుడూ జీపు వెళ్ళిపోతుందని పరిగెత్తేవాళ్ళు. ఇప్పుడు బస్సు సాయంత్రం గాని కదలదు, చెప్పిన వేళకే కదులుతుంది. ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. చివరికి మిరపకాయ బజ్జీలు కొనుక్కుని ఎండలో కూర్చున్నారు. కారులో పోతున్న టూరిస్టు కుటుంబమొకటి ఆగి, మబ్బుల పాయింట్‌లో పార్కింగ్ ఉంటుందా అని అడిగింది. "కట్టనేదు బాబూ. ఏ పక్కన కట్టాలో ఇంకా తేలనేదు," అంది రత్న బజ్జీ నములుతూ. "కారిక్కడ పెట్టీసి మా బస్సులో రండి. సల్లగాలి వత్తాది. ఆ కిటికీ ఎలాగూ మూసుకోదు."

వాళ్ళు నిజంగానే వచ్చారు.

తర్వాత బస్సు సంత రోజుల్లోను, కాలేజీ రోజుల్లోను తిరుగుతోంది. మధ్యలో రెండుసార్లు ఆగింది. ఒకసారి బ్రేకులు చెడి, ఇంకోసారి మండలం డబ్బు కట్టడంలో జాగు చేసి. ఆ రెండోసారి దేవమణి ఫోను తీసి రామారావుకూ భాస్కర్‌కూ ఒకే మెసేజ్ పెట్టింది, 'ఫ్లెక్సీలు వానకి తడుస్తున్నాయి, తీసి లోపల పెట్టమంటారా' అని. మర్నాటికి డబ్బు కట్టారు.

మోసెస్ అన్నమాట ప్రకారం చాలా రోజులు గడప తొక్కలేదు. కొన్నాళ్ళు జీపు ఖాళీగా నిలబడింది. తర్వాత బస్సు ఎక్కలేని పై ఊళ్ళకు, రోడ్డంటే మట్టిదారే అయిన చోట్లకు తిప్పడం మొదలుపెట్టాడు. పొద్దున్నే అక్కడివాళ్ళను దింపి బస్సుకు అందిస్తాడు. రాబడి మునుపటంత లేదు, అప్పు నెమ్మదిగా తీరుతోంది. వెనక నిచ్చెన మాత్రం కోయించి పారేశాడు.

క్రిస్మస్‌కు ముందు ఒక మధ్యాహ్నం దేవమణి వరండాలో కాఫీ పళ్ళు ఏరుతుంటే మోసెస్ వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఆమె లేవబోయి, లేస్తే వాడు వెళ్ళిపోతాడేమోనని అలాగే కూర్చుండిపోయింది. మోసెస్ ఒక గుప్పెడు పళ్ళు తీసుకుని తనూ ఏరసాగాడు.

"అప్పా," అన్నాడు చివరికి, కోపంగానే. "నీ బస్సు డ్రైవరుకి మలుపు తిప్పడం రాదు. టాప్ గేరులో దిగుతన్నాడు. అలాగయితే బ్రేకులు మల్లీ పోతాయి. నాను సెప్పాల ఆడికి."

"సెప్పు," అంది దేవమణి. "రేపు సెప్పు. ముందు అన్నం తిందువు గాని, కాళ్ళు కడుక్కో."

మోసెస్ లేచి నీళ్ళ బిందె వైపు నడిచాడు.